బొమ్మ మీద వెంకట్రాజం అభిప్రాయం

వెంకట్రాజానికి వారానికొక అభిప్రాయం ఉండేది. అది ఎప్పుడూ ఒకే విషయం మీద ఉండేది, ఎప్పుడూ చెడ్డదే అయి ఉండేది. హైదరాబాదు నుంచి వచ్చే వారపత్రికలో చివరి నుంచి మూడో పేజీలో ‘కంటికి పని’ అని ఒక బొమ్మ పడేది. సంతో, బడో, పెండ్లి పందిరో గీసి, అందులో పన్నెండు వస్తువులు దాచిపెట్టి కనిపెట్టమనేవాళ్లు. లోకులు అవి దొరికితే సంతోషించేవాళ్లు, దొరక్కపోతే వచ్చే వారం జవాబు చూసుకుని ఊరుకునేవాళ్లు. వెంకట్రాజం మాత్రం పన్నెండూ కనిపెట్టి, పన్నెండింటి మీదా కోపం తెచ్చుకునేవాడు.

ఆయన ఎనుమాముల మార్కెట్ యార్డులో కాంటా గుమాస్తా. మిర్చి బస్తాలు తూకానికి ఎక్కుతుంటే చీటీలు రాయడం ఆయన ఉద్యోగం. గురువారం పొద్దున పత్రిక చేతికి రాగానే యార్డు గేటు ముందున్న యాకమ్మ చాయ హోటల్లో కూర్చుని, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని బొమ్మ చూసేవాడు. అద్దాలు పెట్టుకుంటే గీసినవాడికి అన్యాయం చేసినట్టవుతుందని ఆయన ఉద్దేశం. ఆ తరువాత ఆయన చేసేదంతా అన్యాయమే.

“యాకమ్మా, ఇటు రా. గిది చూడు. కొంగ కాలు తీసుకపోయి గొడుగు కట్టెను చేసిండు. కొంగనన్న అడిగిండా?”

“నా పొయ్యి మీద పాలు పొంగుతానయ్ సారూ. కొంగ సంగతి నాకెందుకు?”

“గందుకే మన దేశంల బొమ్మలు గిట్ల తయారైనయ్. అడిగేటోడు లేడు.”

మూలనున్న బల్ల మీద ఖాజా పాషా తలెత్తకుండా బన్ను చాయలో ముంచుకునేవాడు. ఆ కొంగ ఆయనదే.

ఖాజా పాషా ఒకప్పుడు వరంగల్లు చౌరస్తాలో సినిమా బోర్డులు రాసేవాడు. ముప్పై అడుగుల హీరోలకు మీసాలు దిద్దినవాడు. ఒకనాడు ఎక్కి నిలబడ్డ సారువకట్టె జారి, హీరో భుజం మీది నుంచి నేల మీదికి వచ్చాడు. దవాఖానలో మూడు నెలలు పడుకుని లేచేసరికి కుడికాలు మడత పడడం మానేసింది. నిచ్చెన ఎక్కే పని పోయింది. హైదరాబాదులో ఉన్న ఒక పాత దోస్తు పుణ్యమా అని ఈ బొమ్మ పని దొరికింది. అయిదేండ్ల నుంచి వారానికొక బొమ్మ. కింద పేరు వేయవద్దని ఆయనే అడుక్కున్నాడు. ఏనుగంత మొహాలు గీసినవాడు ఇప్పుడు అరంగుళం దువ్వెనలు గీసుకుంటున్నాడని ఊరికి తెలియడం ఆయనకు ఇష్టం లేదు.

తెలియకపోవడం వల్ల కలిగిన లాభమేమిటంటే, తనను తిట్టేవాడి పక్కనే కూర్చుని వారం వారం శ్రద్ధగా వినవలసి రావడం.

“పాషా భాయ్, నువ్వు చెప్పు. బడి బొమ్మల చీపురు దాచిండు. చీపురు ఉండేదే బడిల. దీన్ని దాచుడంటరా, పెట్టుడంటరా?”

“నాకేం తెలుస్తది రాజమన్నా, పెట్టుడే గావచ్చు,” అనేవాడు పాషా, ఇంటికి పోయి చీపుర్లన్నీ మానేయాలని నిశ్చయించుకుంటూ.

“దాచుడంటె కండ్ల ముందట పెట్టి కనవడకుంట చేసుడు. దొరికినంక మనకే సిగ్గనిపియ్యాలె, ఇంతసేపు ఎట్ల సూడకపోతిననీ. గిది దొరికితె నాకు సిగ్గయితలేదు, గీసినోని మీద జాలి అయితాంది!”

ఈ జాలి మాట విన్న రోజు పాషా రెండో బన్ను తినలేదు. కానీ ఇంటికి వెళ్లి, కత్తెరను ఒక ముసలమ్మ ముక్కు మీది ముడతల్లో పెట్టి, రెండు రోజులు కూర్చుని గీశాడు. ఆ బొమ్మ పడిన గురువారం వెంకట్రాజం ఆ కత్తెర కోసం మూడు చాయలు తాగాడు. నాలుగోది చెప్పబోతూ ఆగి, “దొరికింది. ముసలామెను గిట్ల ఇబ్బంది పెట్టుడు మర్యాద గాదు,” అన్నాడు. పాషా ఆ వేళ ఇంటికి ఈల వేసుకుంటూ పోయాడు.

వెంకట్రాజం చూపు ఆ ఒక్క పేజీ దగ్గర ఆగితే బాగుండేది. బావమరిది కూతురికి సంబంధం వచ్చి, పిల్లవాడి ఫొటో చూపిస్తే ఆయన అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లోవాళ్ల గుండెలు అప్పుడే జారాయి.

“వాచీకి ముల్లు లెవ్వు. రేడియోకు తీగె లేదు. కుర్చీ కింద ఇంకో మనిషి చెప్పులున్నయ్. మొత్తం మూడు. ఫొటో తీసినోనికి దాచుడు రాదు.”

వాచీ, రేడియో, చెప్పులు మూడూ స్టూడియోవాళ్లవేనని తేలి పెండ్లి జరగడానికి నెల పట్టింది. పెండ్లి ఆల్బం మాత్రం ఆయనకు ఎవరూ చూపించలేదు. హనుమకొండలో కంటి పరీక్షల శిబిరం పెట్టినప్పుడు, గోడ మీద అక్షరాల అట్ట చూపించి ఏం కనబడుతోందని డాక్టరు అడిగాడు. “మూడో లైన్ల సున్నా లోపట చిన్న మొల ఉన్నది సార్,” అన్నాడు వెంకట్రాజం. అక్షరాలు చదవమంటే, అవి అందరికీ కనబడతాయి కదా అన్నాడు. డాక్టరు దగ్గరికి పోయి చూస్తే నిజంగానే మొల ఉంది. అట్టను గోడకు కొట్టిన మొల.

ఇట్లా ఉండగా ఎనభై ఆరు ఫిబ్రవరిలో, యార్డంతా మిర్చితో ఎర్రబడి ఉన్న రోజుల్లో, పాషాకు పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. ‘కంటికి పని’ పేజీ తీసేసి, దాని బదులు ఊలు అల్లికలు వేద్దామని కొందరి సూచన అట. పాఠకుల అభిప్రాయం అడుగుతున్నారట. మూడు వారాల్లో వచ్చిన ఉత్తరాలను బట్టి నిర్ణయమట. ఏమీ అనుకోవద్దట.

“మన వరంగల్ ఎండల స్వెట్టర్లా!” అంది ఆయన భార్య అనీస్ బేగం. “నేను రాస్త ఉత్తరం. పేజీ ఉండాలె అని.”

“గీసినోని భార్య రాసింది అంటె మంచిగుంటదా?”

“పేరు మార్చి రాస్త.”

“గా అబద్ధం మనతోని కాదు.”

“వారానికి పన్నెండు సామాన్లు దాచి దునియానంత పరేషాన్ చేస్తవు. ఒక్క పేరు దాచలేవా?”

పాషా ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పేజీ పోతే బొమ్మ పోతుంది. బొమ్మ పోతే కుంచెలు కడిగి అటక మీద పెట్టి, తానూ ఒక మూల కూర్చోవలసిందే. దవాఖాన నుంచి వచ్చిన కొత్తలో అట్లా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు.

గురువారం పత్రికలో ఆ ప్రకటన పడింది. వెంకట్రాజం దాన్ని హోటల్ మొత్తానికి చదివి వినిపించాడు. పత్రికను బల్ల మీద టపీమని కొట్టాడు.

“బందువెట్టున్రి! పీడ పోతది. అయిదేండ్ల సంది నా కండ్లు మండుతానయ్.”

పాషా చేతిలోని బన్ను మొత్తంగా చాయలో పడింది.

“గట్లంటవేంది సారూ,” అంది యాకమ్మ. “గా బొమ్మ లేకుంటె నువ్వు ఎవల్ని తిడుతవు? నన్ను తిడుతవు!”

వెంకట్రాజం చాయ సగంలో వదిలేసి లేచాడు. ఈ హోటల్ చరిత్రలో ఆయన చాయ వదిలేయడం అదే మొదలు. తిన్నగా పోస్టాఫీసు దిక్కు పోయి, అరగంటలో చేతినిండా కార్డుల కట్టతో వచ్చి, ఎవరినీ చూడకుండా యార్డులోకి పోయాడు. పాషాకు మిగిలింది అర్థమైంది. పేజీ మూయించడానికి ఒక్క ఉత్తరం రాస్తే ఆయన కడుపు నిండేటట్టు లేదు.

ఆ మూడు వారాలూ వెంకట్రాజం హోటల్‌కు రానేలేదు. మిర్చి కుప్పల మధ్య, తూకం కోసం తెల్లారి నుంచి బస్తాల మీద కూర్చున్న రైతుల దగ్గర పత్రిక తెరిచి పట్టుకుని కనబడేవాడు. రైతులు బొమ్మ మీదికి వంగేవాళ్లు, వేళ్లతో పొడిచేవాళ్లు, ఒకరినొకరు తోసుకునేవాళ్లు, నవ్వేవాళ్లు. ఆయన కార్డు మీద రాసుకునేవాడు. చివరికి వాళ్లు వేలిముద్ర వేసేవాళ్లు.

ఒకరోజు పాషా మనసు గట్టి చేసుకుని, చంక కింద కర్ర పెట్టుకుని గేటు దాటాడు. రాజమన్నా, నీ కాళ్లు మొక్కుత, నా పొట్ట కొట్టకు అని అడుగుదామని పోయాడు. కుప్ప ఇవతల ఉండగానే మాటలు వినబడ్డాయి.

“రాయమల్లూ, నీ మాట నీ ఇష్టం. కని గట్టిగ చెప్పు. మెత్తగ చెప్తె పత్రికోళ్లకు వినవడదు.”

“మరి నా తరఫున నాలుగు తిట్లు కూడ రాయున్రి సారూ.”

“గవి ముందే రాసిన.”

పాషా అడగదలచుకున్నది మింగేసి, దగ్గుకుంటూ వెనక్కి తిరిగాడు. దగ్గు మిర్చి వల్లే వచ్చిందని యాకమ్మకు చెప్పాడు.

నెల తిరగకముందే పోస్టుమ్యాను ఒక పెద్ద కట్ట తెచ్చి ఇచ్చాడు. పత్రికవాళ్లు పంపించారు. బొమ్మ గురించి వచ్చిన ఉత్తరాలన్నీ తిప్పి పంపినట్టున్నారు. పాషా దారం విప్పాడు. మొదటి కార్డు తీసి చదవబోయి తుమ్మాడు. రెండోది తీసి రెండుసార్లు తుమ్మాడు. వంటింట్లో నుంచి వచ్చి అనీస్ బేగం గడపలోనే తుమ్మింది.

“ఏందిది? ఉత్తరాలా, మసాలానా?”

కార్డులన్నీ కారప్పొడి. వేలిముద్రలు నీలంగా కాదు, ఎర్రగా ఉన్నాయి. కొంగుతో ముక్కు మూసుకుని ఆమె ఒక్కొక్కటే చదివింది.

“నెక్కొండ కట్టయ్య రాయునది. దువ్వెన దొరికినది. కత్తెర దొరకలేదు. కత్తెర దొరికేదాక పేజీ బందు పెట్టవద్దు, పెడితే మీ ఆఫీసుకు వస్తాను.”

“రాయమల్లు రాయునది. నా మిర్చి కాంటా రెండు దినాలు ఆలస్యమైనది. చేతిలో ఈ బొమ్మ లేకుంటే నేను మిర్చి కొనే దుకాణపాయనను కొట్టేవాణ్ని. మీరు తిక్క మనుషులు. స్వెట్టరు మీరే వేసుకోండి.”

“మొగిలమ్మ రాయునది. నాకు చదువు రాదు. మీ పుస్తకంలో నేను చదివేది ఈ ఒక్క పేజీ.”

ఈ కార్డును ఆమె విడిగా పక్కన పెట్టింది. పాషా కార్డులన్నీ బల్ల మీద పరిచాడు. నర్సంపేట, పరకాల, నెక్కొండ. ఊర్లు వేరు, పేర్లు వేరు, తిట్లు కూడా వేరు. కానీ ‘ర’ మాత్రం ఒక్కటే. గుండ్రంగా, నొక్కి పెట్టి, తూకం చీటీ మీద రాసినట్టు. పాషా ఒక కార్డు తీసి చూశాడు, ఇంకొకటి తీసి చూశాడు, నూట నలభై ఒకటి చూశాడు. ప్రతి దాంట్లోనూ వెంకట్రాజమే దొరికాడు.

చివరి కార్డు మీద ఆయన సొంత పేరే ఉంది. “అయ్యా, ఇంత లోపభూయిష్టమైన బొమ్మను ఒక్క పేజీలో చూడడం నా కళ్లకు కష్టంగా ఉన్నది. రెండు పేజీలు కేటాయిస్తే లోపాలు స్పష్టంగా కనబడి, నాలాంటివారికి విమర్శించడానికి సౌకర్యంగా ఉంటుంది. ఆపడమనేది పిరికితనం. ఇట్లు, కె.వెంకట్రాజం.”

దానికి గుచ్చిన చీటీలో సంపాదకుడు రాశాడు: “అల్లికలకు మూడు ఉత్తరాలు వచ్చాయి. ఆ ఆలోచన మానుకున్నాం. వెంకట్రాజం గారి సలహా మేరకు మీ బొమ్మను రెండు పేజీలు చేస్తున్నాం. ఈ ఉత్తరాలు మా దగ్గరకన్నా మీ దగ్గర ఉండడమే న్యాయం. ఇక్కడ అందరికీ తుమ్ములు.”

రెండు పేజీల బొమ్మ పడిన గురువారం పాషా అందరికంటే ముందు హోటల్‌కు వచ్చాడు. రోజూ కూర్చునే మూల కాదు, వెంకట్రాజం బల్లకే కూర్చున్నాడు. వెంకట్రాజం వచ్చాడు, అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, పత్రిక పరిచాడు, పన్నెండూ చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

“బాగలేదు రాజమన్నా,” అన్నాడు పాషా.

వెంకట్రాజం నోరు తెరుచుకునే ఉంది. “ఏంది?”

“బొమ్మ. బాగలేదు. గీసినోనికి చెయ్యి పడిపోయింది. జాగ ఎక్కువిచ్చిన్రని నింపిండు, అంతే. బందువెట్టేదుండె.”

“ఎవలు చెప్పిన్రు నీకు?”

“ఎవలు చెప్పాలె? కనవడ్తలేదా? గీ ముసలాయనను చూడు. మనిషి లెక్కనే లేడు.”

వెంకట్రాజం లేచి నిలబడ్డాడు. “పాషా భాయ్! బొమ్మలంటె నీకేం ఎరుక? గీ గీత చూడు, ఎక్కడన్న వణికిందా? ముసలాయన గడ్డంల గంట పెట్టిండు. గడ్డం అనుకుంట నేను పావుగంట చూసిన, నాకు సిగ్గయింది, తెలుసా? గీ చెవి చూడు. మడత దగ్గర చుక్క పెట్టి ఇడిసిండు. గిసొంటి చెవి గీసేటోడు ఈ జిల్లాల ఒక్కడే ఉన్నడు. చౌరస్తల బోర్డు మీద పదేండ్లు చూసిన నేను గీ చెవిని. మొదటి వారం చూసిన్నాడే నేను...”

అక్కడ ఆగాడు. పాషా బన్ను వైపు చూస్తూ కూర్చున్నాడు. యాకమ్మ చాయ వడగట్టే జాలి చేత పట్టుకునే దగ్గరికి వచ్చింది.

“ఎవలు సారూ గా చెవి ఆయన?” అంది.

వెంకట్రాజం మెల్లగా కూర్చున్నాడు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. గ్లాసు అందుకుని ఒక గుటక తాగి మొహం చిట్లించాడు.

“యాకమ్మా, గీ చాయల శక్కరేసినవా, ఏడన్న దాచినవా?”

“అడుగున ఉన్నది. కలుపుకొని చూడు, దొరుకుతది.”

ఆయన చెంచా కోసం అటూ ఇటూ చూశాడు. పాషా తన గ్లాసులోది తీసి, తుడిచి ఇచ్చాడు. వెంకట్రాజం ఎవరి మొహమూ చూడకుండా, అవసరానికి మించి చాలాసేపు ఆ చాయ కలుపుతూ కూర్చున్నాడు.