అమ్మ తిట్టు చెరిగిపోకుండా

మొన్న ఆదివారం పొద్దున అవ్వ పోయింది. డర్బన్‌లోని ఓవర్‌పోర్ట్ నుంచి ఆమె మనవరాలు ఫోన్ చేసి, "ఆంటీ, అవ్వ నిద్దర్లోనే పోయింది" అంది. మిగతాదంతా ఇంగ్లీషులో చెబుతూ ఏడ్చింది.

అవ్వ నాకు బంధువు కాదు, పక్కింటి మనిషి. దక్షిణాఫ్రికాలో నల్లా తెల్లా అందరూ కలిసి మొదటిసారి ఓటేసిన ఎన్నికలైన కొన్నేళ్లకు, విజయవాడ నుంచి సౌండ్ ఇంజినీరు ఉద్యోగానికి డర్బన్ వచ్చాను. చెరకు తోటల్లో కూలికని కోస్తా నుంచి ఓడెక్కిన వాళ్ల మనవరాలు అవ్వ. ఆమెకు వంటకీ, పూజకీ, తిట్టడానికీ మాత్రమే తెలుగు మిగిలింది. గోడ మీంచి పప్పు గిన్నె అందిస్తూ, "తిను పాపా, చిక్కిపోతున్నావు మాన్" అని అక్కడి ఇంగ్లీషు ఊతపదం కలిపి అనేది. ఏదైనా శ్రద్ధగా వినాలంటే కళ్లు మూసుకుని చెవి తమ్మె పట్టుకునేది.

ఒకరోజు ఒక క్యాసెట్ తెచ్చింది. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లు కూలీల బారకాసుల్లో వాళ్లమ్మ పాడిన రామభజన. మధ్యలో పాట ఆపి, అల్లరి చేస్తున్న ఆఖరి కొడుకును, "ఒరే, కూసో! కాళ్లిరగ్గొడతా" అని తిడుతుంది. మళ్లీ పాడుతుంది. టేపు అరిగిపోతోంది. ఆ కొడుకు, అవ్వ తమ్ముడు, అప్పటికి డార్నల్ అనే ఊళ్లో పక్షవాతంతో మంచం మీదున్నాడు. మాట పడిపోయింది. అతనికి వినిపించాలని ఆమె కోరిక.

పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఏమీ వదలని పూర్తి ఫైలు బాగుంది కానీ అది తీసుకెళ్లాల్సిన ఫ్లాపీల్లో పట్టదు. దాని సొంత యంత్రంలోనే మోగే మినీడిస్క్ అనే చిన్న డిస్కు మీద గొంతు నిండుగా పలికింది. "ఈ రెండిట్లో ఇదే నయం అవ్వా" అన్నాను, పక్కన కుదించిన ఎంపీత్రీ ఫైలు పెట్టి.

"ఆ మెషిన్ డార్నల్‌లో ఎవరికుంది?"

ఎవరికీ లేదు. ఆమె తమ్ముడి కొడుకు దగ్గర కంప్యూటర్ ఉంది. ఎంపీత్రీ అయితే అందులో మోగుతుంది. ఫ్లాపీల్లో పట్టేలా బాగా కుదించి వినిపించాను. భజన తాళాలు నూనెలో వేగుతున్నట్టు చిటపటలాడాయి. తిట్టు ఆ చప్పుడులో కలిసిపోయింది.

అవ్వ చెవి తమ్మె వదిలేసింది. "నో పాపా. పాట కొంచెం పోనీ. తిట్టు పోకూడదు. అది వాడిది."

రేటు పెంచుతూ, అంటే కుదింపు తగ్గిస్తూ, మళ్లీ మళ్లీ చేశాను. చివరికి "కూసో" అన్న మాట స్పష్టంగా పలికిన చోట, "స్టాప్, ఇదే" అంది. ముక్కలు చేసి ఫ్లాపీల్లో పెట్టి ఇద్దరం డార్నల్ వెళ్లాం.

ఇప్పుడు ఆ మినీడిస్క్ నా అలమరలో మూగగా పడి ఉంది, దాన్ని మోగించే యంత్రం ఏనాడో పాడైంది. ఆ ఎంపీత్రీ మాత్రం చేతులు మారుతూ వచ్చి, మొన్న అంత్యక్రియల్లో మనవల ఫోన్లన్నిట్లో ఉంది. వాళ్లకు అందులో ఒక్క మాటా అర్థం కాదు. అయినా ఎవరూ తీసేయలేదు.

నాకు మాత్రం డార్నల్‌లోని ఆ గది గుర్తొస్తోంది. కంప్యూటర్‌ను మంచం పక్కకు జరిపారు. అమ్మ తిట్టగానే తమ్ముడి నోరు ఒకవైపుకు వంగింది. అది నవ్వు అని అందరికంటే ముందు అవ్వకే తెలిసింది. పాట అయిపోయింది. అతను కదిలే చేతిని మెల్లగా చాచి స్పీకరు మీద ఆనించాడు. అవ్వ ఆ చేతిమీద తన చెయ్యి వేసింది. శబ్దం లేని ఆ పెట్టెను పట్టుకుని అక్కాతమ్ముళ్లిద్దరూ చాలాసేపు అలాగే ఉన్నారు.