మాది తడి పని అన్నాను

బోనాలకు ముందు వారం. వాన వచ్చేలా ఉందని లాల్‌దర్వాజాలోని మా ఇంటి మిద్దె మీది బట్టలు తేవడానికి వెళ్లాను. పదహారు మెట్లు. తొమ్మిదో మెట్టు మీద కూర్చుండిపోయాను. కింద నుంచి మా ఆవిడ యాదమ్మ చూసి, "మెట్లెక్కుతున్నవా, గోల్కొండెక్కుతున్నవా?" అంది. నవ్వడానికి కూడా ఊపిరి చాలలేదు. ఆ రోజు డైరీలో "తొమ్మిదో మెట్టు" అని మాత్రం రాసుకున్నాను.

ఎత్తైన బిల్డింగులకు కాంక్రీట్ ఎక్కించే పంపు ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. కింద పంపు, అక్కడి నుంచి పైదాకా ఇనుప పైపులైను. నలభయ్యో అంతస్తుకైనా కాంక్రీట్ పోయేది. ఇప్పుడు మా అబ్బాయి శ్రీనివాస్ అదే పని చేస్తున్నాడు.

దగ్గు తగ్గలేదు, బరువు తగ్గింది. దగ్గరి క్లినిక్‌లో ఎక్స్‌రే తీస్తే రెండు పక్కలా మచ్చలు కనిపించాయి. "టీబీలా ఉంది. దుమ్ములో పనిచేశారా?" అని డాక్టర్ అడిగారు.

"లేదు సార్, మాది తడి పని" అన్నాను, కొంచెం గర్వంగానే. సిమెంటు బస్తాలు విప్పేవాళ్లది దుమ్ము పని. మా దగ్గరికి వచ్చేసరికి అంతా తడిసే ఉంటుంది.

కఫం పరీక్షలో టీబీ కనబడలేదు. అయినా ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు ఒక్క పూట తప్పకుండా, డైరీలో టిక్కు పెట్టుకుంటూ వేసుకున్నాను. మూత్రం నారింజ రంగు, నోరంతా చేదు. కోర్స్ పూర్తయ్యేసరికి ఏడో మెట్టు దగ్గరే ఆగిపోతున్నాను. పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టరూ అదే అడిగారు. నేనూ అదే చెప్పాను.

చెస్ట్ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఛాతీకి హెచ్‌ఆర్‌సిటి స్కాన్, గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేయించి, ఆమె కూడా దుమ్ము సంగతే అడిగింది. తడి పని అన్నాను. ఆమె వదల్లేదు. "పంపు నడవని రోజు ఏం చేసేవారు?"

"ఆదివారం లైన్ సాఫ్ చేసేవాళ్లం మేడమ్."

కాంక్రీట్ గట్టిపడి మూసుకుపోయిన పైపులను దించి, లోపల ఉలితో, ఒక్కోసారి గ్రైండర్‌తో కొట్టేవాళ్లం. నీళ్లు పోస్తే పొడి బురదై మళ్లీ పైపుకు పట్టుకుంటుందని నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పాడు. అందుకే పొడిగానే కొట్టేవాళ్లం. మూతికి దస్తీ గుడ్డ కట్టుకునేవాళ్లం, అంతే.

"అదే అంకుల్ దుమ్ము పని" అందామె. "ఇది సిలికోసిస్, కాంక్రీట్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బు. పోయిన ఊపిరి తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం."

ఇంటికొచ్చి పాత డైరీలు తీశాను. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం కింద రెండే మాటలు: "లైన్ సాఫ్". ఆ పద్ధతి శ్రీనివాస్‌కు నేర్పింది నేనే.

వాణ్ని కూర్చోబెట్టి చెప్పాను. "నన్ను బెదిరియ్యకు బాపు. మాది తడి పని" అన్నాడు. యాదమ్మ పట్టుబడితే ఎక్స్‌రే తీయించుకున్నాడు. "ఇప్పటికైతే క్లియర్" అంది డాక్టరమ్మ. ఆ "ఇప్పటికైతే" అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. వాడు మాత్రం ఆదివారాలు పొడిగానే కొడుతూ వచ్చాడు.

చలికాలంలో నాకు న్యుమోనియా వచ్చింది. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. ఒక సాయంత్రం శ్రీనివాస్ మంచం పక్కన కూర్చుని అడిగాడు: "బాపు, నీళ్లు పోస్తే నిజంగనే మళ్ల పట్టుకుంటదా?"

మాస్క్ పక్కకు జరిపి, "ఏమో రా. నేనెన్నడు పోసి చూడలే" అన్నాను.

ఇప్పుడు రెండు పూటలా ఇన్‌హేలర్, పొద్దున శ్వాస వ్యాయామాలు. పదో మెట్టు మీద ఆగి, మిగతా ఆరూ ఎక్కుతున్నాను. ఇంతకన్నా బాగుపడనని నాకు తెలుసు. నేను ఇంటికొచ్చాక మొదటి ఆదివారం శ్రీనివాస్ మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. గ్రైండర్ ముట్టలేదట, నీళ్లు పోసి ఉలితోనే కొట్టాడట. "టైమ్ మస్తు పట్టింది. గని పైపుకేం పట్టుకోలే బాపు" అన్నాడు.

ఏం పని చేస్తారని డాక్టర్ అడిగితే పని పేరు చెప్పి ఊరుకోకండి. పని ఆగిన రోజు ఏం చేశారో అది కూడా చెప్పండి. ముగ్గురు డాక్టర్లు అడిగితే గానీ నేను చెప్పలేదు.