చిటపట బాబాయ్ అనుమానం

“ఆగమ్మా! అలా పోశావంటే నువ్వూ నేనూ పైకప్పూ కలిసి గాల్లోకి లేస్తాం!”

పెట్రోల్లా భగ్గుమనే హెక్సేన్ పీపా మీదకి వంగిన ల్యాబ్ ఉద్యోగిని ఉలిక్కిపడింది. ఆ కేక ల్యాబ్ స్టోరు చూసే చిటపట బాబాయ్‌ది. దువ్వెన, మేజోళ్ళు, ప్లాస్టిక్ గరాటు, ఏది చూసినా అందులో నిప్పురవ్వ దాక్కుందని ఆయన అనుమానం. పీపాకీ డబ్బాకీ తీగ బిగించి, ఒంటి మీది రాపిడి కరెంటు దిగిపోయేలా, తలుపు పక్కన భూమిలోకి దించిన రాగి పట్టీని ముట్టుకుంటేగాని చుక్క పోయనివ్వడు.

ఓసారి డైరెక్టరుగారే హడావిడిగా లోపలికొచ్చారు.

“పట్టీ ముట్టుకున్నారా సార్?”

“నేను డైరెక్టర్నయ్యా!”

“రవ్వకి ఆ సంగతి తెలీదు కదండీ.”

డైరెక్టరుగారు వెనక్కెళ్ళి ముట్టుకొచ్చారు.

ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చిన ఆమె బొచ్చు స్వెటర్ మీద బాబాయ్‌కి మరీ అనుమానం. బయట కొక్కేనికి తగిలించి రమ్మనేవాడు. “దాని వాలకం బాలేదమ్మా!”

ఆ గుమ్మం దగ్గరే ఓ మధ్యాహ్నం, లోపల బాబాయ్ ఉండగానే, ఆమె భర్తతో ఫోన్లో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “సాయంత్రం వచ్చి బుగ్గ ముట్టుకుంటే చాలు, పాప కెవ్వుమంటోంది. నన్ను మర్చిపోయింది. ఇక ఉద్యోగం మానేస్తాను.”

మర్నాడు కొక్కెం ఖాళీ. ఇంకెవరు తీస్తారు?

“బాబాయ్, నా స్వెటరేది?”

“నేనే పట్టుకున్నా.” దొంగని పట్టుకున్నంత ధీమాగా చెప్పి, పీపాలకి దూరంగా, చీకటిగా ఉన్న మెట్ల కిందికి తీసుకెళ్ళాడు. “వేసుకో. ఇప్పుడు విప్పు.”

చిటపటమంటూ నీలి రవ్వలు మెరిశాయి.

“ఇంట్లో దీన్నెక్కడ విప్పుతావు?”

“గుమ్మంలోనే. విసిరేసి పాప దగ్గరికి పరిగె...” ఆమె నుదురు కొట్టుకుంది. తను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ!

“పిల్ల నిన్ను మర్చిపోలేదమ్మా. నువ్వే దానికి షాక్ కొడుతున్నావు.” బాబాయ్ ఓ నూలు శాలువా చేతిలో పెట్టాడు. “మా ఆవిడది. నీకిచ్చినట్టు తనకింకా తెలీదు. ఉద్యోగం సంగతి తర్వాత, ముందు స్వెటర్ మాని ఇది కప్పుకో, పాపని తాకేముందు ఏదైనా ఇనప వస్తువు ముట్టుకో.”

పాప ఇప్పుడు సాయంత్రం కాగానే అమ్మ కోసం చేతులు చాస్తోంది. భర్త ఆఫీసు నుంచి నేరుగా ఉయ్యాల వైపు వెళ్ళబోతే, ఆమె అచ్చం బాబాయ్‌లా అడ్డం నిలబడి, వంటింట్లో ఇనప కుళాయి చూపిస్తుంది.

“ముందు కుళాయి ముట్టుకో. తర్వాతే పాప.”