శనివారం మెక్సికో కూరలో ఉప్పు

ఇప్పుడంటే నేను వంటగది గుమ్మం దాటగానే మా ఆవిడ "ఏం కావాలి?" అని పోలీసు గొంతుతో అడుగుతుంది గానీ, ఈ పరాయి దేశంలో, వుడ్‌ల్యాండ్స్‌లో బ్రహ్మచారిగా వెలగబెట్టిన ఆ రోజుల్లో నేనొక వంటగదికి ఏకఛత్రాధిపతిని. రాజ్యం చిన్నదే. రెండు పొయ్యిలు, ఒక సింకు, తలుపు తీస్తే మోకాలికి తగిలే ఫ్రిజ్జు. ఫ్లాటు అద్దెకిచ్చిన ఓనరమ్మ "లైట్ కుకింగ్ ఓన్లీ" అని వేలు చూపించి మరీ చెప్పింది. (నేను పోపు వేస్తే పదకొండో అంతస్తు కింద బస్టాపులో నిలబడ్డ జనం వరసగా తుమ్మేవారు. అంతకంటే లైటుగా వండటం నాకు చేతకాదు.) ఆ ఇంట్లో నాతోపాటు బాబాయ్ ఉండేవాడు. సొంత బాబాయ్ కాదు, బ్యాంకులో పనిచేసే నెల్లూరాయన. నాకంటే పదేళ్లు పెద్ద కాబట్టి బాబాయ్. ఆయనకు వంటగదిలో పని అంటే ప్లేటు పట్టుకుని నిలబడటమే. మా ఫ్లాటుకి ఒకే ఒక రాజ్యాంగం ఉండేది: వండినవాడు గిన్నెలు కడగడు. ఆ ఒక్క వాక్యం మీద నా సుఖమంతా ఆధారపడి ఉంది. పద్నాలుగు నెలలపాటు నేను బంగాళదుంపల వేపుడు చేశాను, బాబాయ్ మూకుడు తోమాడు. ఆ వేపుడు గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, ఒక ముక్క కింద పడితే టంగుమని మోగేది.

అలాంటి స్వర్ణయుగంలోకి కొత్తల్లుడు దిగాడు. అసలు పేరు అనవసరం. ఆ పేరు నేనే పెట్టాను, కడుపు మంటతో. జురాంగ్ ఐలాండ్‌లో ఏదో ప్లాంటులో ఉద్యోగమని కాకినాడ నుంచి వచ్చి మా మూడో గదిలో చేరాడు. వచ్చిన రోజే బాబాయ్ తన స్టాండు ఫ్యాను మోసుకెళ్లి అతని మంచం పక్కన పెట్టాడు. ఆ ఫ్యాను కోసం నేను పద్నాలుగు నెలలుగా చెమటలు తుడుచుకుంటూ ఆయన కళ్లలోకి చూస్తున్నాను! రెండో రోజు కుర్రాడు తన జీలకర్ర డబ్బా తెచ్చి పొయ్యి పక్క అరలో పెట్టాడు. ఇక్కడి తిండి కొట్ల హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్టు పెట్టి బల్లను చోప్ చేస్తారు, అంటే తమదని ఆపుకుంటారు చూశారూ, అచ్చం అలాగే. ఆ డబ్బాను నేను పై అరలోకి నెట్టాను. మర్నాడు మళ్లీ కిందికొచ్చింది. నవ్వుతూ వచ్చినట్టు అనిపించింది నాకు.

మూడో వారం అసలు పిడుగు పడింది. అతని ప్లాంటులో మెక్సికో నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఉండేవాడట. భారీ మీసం, భారీ నవ్వు. మేం మెక్సికో మావ అని పిలుచుకునేవాళ్లం. ఆయన క్యాంటీనులో కూర్చుని తన ఇంటి కూర ఒకటి ఇతనికి నేర్పాడు. దాని పేరు పికాడీయో. వెల్లుల్లి, ఉల్లిపాయ వేయించి, కీమా వేసి, టమాటా గుజ్జు పోసి, కాస్త జీలకర్ర, మిరియాల పొడి తగిలించి, బంగాళదుంపలు చిన్న చిన్న ముక్కలుగా వేసి ఉడికించడం. అంతే. వాళ్లు గొడ్డు మాంసంతో చేస్తారు. మనవాడు లిటిల్ ఇండియా మార్కెట్టుకెళ్లి మేక కీమా తెచ్చాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం బాబాయ్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపు మూసుకున్నాడంటే, నేను అంబులెన్సు నంబరు గుర్తుచేసుకున్నాను.

"ఏందబ్బయ్యా ఇది! ఇంతకాలం నేను తిన్నదాన్ని ఏమంటారు మరి?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"కీమా కూరేగా బాబాయ్. మన దగ్గర లేదా?" అన్నాను.

"మన దగ్గర ఉండాది. నీ దగ్గర లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కీమాతో నాకు తగాదా లేదు. కానీ దుంప! దుంప నాది. ఆ ఇంట్లో దుంప అంటే నేను, నేనంటే దుంప. నేను గంటసేపు సన్నమంట మీద కరకరలాడించే దుంపను ఇతగాడు నీళ్లలో పడేసి మెత్తగా ఉడకబెడితే, దానికి ఇంత మురిపెమా? పైగా అతను "అన్నయ్యా, ఇంకొంచెం వెయ్యమంటారా?" అని నా ప్లేటులో మర్యాదగా వడ్డిస్తున్నాడు. అసూయపడేవాడికి శత్రువు మర్యాదస్తుడు కావడం కంటే నరకం లేదు. మూడుసార్లు వేయించుకుని తిన్నాను. (ఎక్కడ లోపముందో పరిశోధించడానికి. దొరకలేదు.)

వారం తిరిగేసరికి మెక్సికో మావను భోజనానికి పిలుద్దామన్నాడు కొత్తల్లుడు. బాబాయ్ చపాతీ చుట్టుకుంటూ తీర్పు ప్రకటించాడు: "ఆ మావ వచ్చి బాగుందన్నాడంటే ఇంక కిచెను అల్లుడిదేరా. నువ్వు గిన్నెల సెక్షనుకి ట్రాన్స్‌ఫరు." అన్నాక నవ్వాడు. ఆ నవ్వులో హాస్యం పాలు ఎంత, ఉత్తర్వు పాలు ఎంత అని నేను రెండు రోజులు విశ్లేషించాను. సింకు ముందు నిలబడి మూకుడు తోముతున్న నా భవిష్యత్తు కళ్ల ముందు కదిలింది. మోచేతుల దాకా నురగ.

"ఆదివారం పిలుద్దామా అన్నయ్యా?" అని కొత్తల్లుడు నన్నే అడిగాడు.

అప్పుడు నాకు ఒక విషయం వెలిగింది. కొత్తల్లుడు శనివారాలు నీచు ముట్టడు. అతనికి టైఫాయిడ్ వచ్చి తగ్గినప్పుడు వాళ్లమ్మ వెంకన్నకు మొక్కుకుందట. ఇంట్లో ఎవరికైనా వండిపెట్టడానికి అడ్డులేదు గానీ నోట్లో పెట్టకూడదు. నోట్లో పెట్టకూడదంటే రుచి చూడకూడదు. రుచి చూడకపోతే ఉప్పు తెలియదు.

"అయ్యో, ఆదివారం మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు ఉందిరా. శనివారమైతే ఖాళీ" అన్నాను. (రిలీజూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆ ఆదివారం నేను పదకొండింటికి నిద్రలేచాను.)

"అలాగే అన్నయ్యా, మీరు లేకుండా ఎందుకు?" అన్నాడు పిచ్చిమారాజు.

శనివారం వచ్చింది. కొత్తల్లుడు పొద్దున్నే స్నానం చేసి, నామం పెట్టుకుని, వెంకన్న పటానికి దండం పెట్టి, రెండు కిలోల మేక కీమా కడగడానికి దిగాడు. వండుతున్నంతసేపూ నేను హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని వాసన మాత్రమే చదివాను. కూర దగ్గరపడ్డాక గరిటె పట్టుకుని నా ముందుకొచ్చాడు.

"అన్నయ్యా, ఉప్పు చూడరూ? నేను ఇవాళ నోట్లో పెట్టను కదా."

నా పథకంలో ఈ ముక్క లేదు. అతను ఉప్పు గుడ్డిగా వేసి చెడగొడతాడని అనుకున్నానే తప్ప, ఆ గరిటె నా చేతికే ఇస్తాడని ఊహించలేదు. బాబాయ్‌ని అడగొచ్చుగా! అడగడు. ఎందుకంటే ఇంట్లో వంట తెలిసినవాడిని నేనే అని, పాపం, ఆ ఇంట్లో ఇంకా నమ్ముతున్నది అతనొక్కడే.

నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. సరిగ్గా అంటే మామూలు సరిగ్గా కాదు, తూకం వేసి పోసినట్టు. ఒక్క రవ్వ ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. దుంపముక్క నోట్లో కరిగింది. కరిగినకొద్దీ నాకు కడుపులో మంట రేగింది.

"చాల్లేదురా" అన్నాను.

చెంచాడు వేసి కలిపి మళ్లీ తెచ్చాడు.

"ఇంకొంచెం పడాలి."

ఇంకో చెంచాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు కుదిరింది."

"హమ్మయ్య. మీరు చూశారుగా, ఇంక బెంగ లేదు. నేను స్టేషనుకెళ్లి మావని తీసుకొస్తా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ "మీరు చూశారుగా" అన్న మాట తలుపు మూసుకున్నాక కూడా ఇంట్లోనే ఉండిపోయింది.

ఐదు నిమిషాలు విజయోత్సవం చేసుకుందామని వంటగదిలోకి వెళ్లి ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. అమ్మో! వుడ్‌ల్యాండ్స్‌కీ జోహోర్‌కీ మధ్య, రెండు దేశాల నడుమ ఉన్న సముద్రం మొత్తం ఎవరో ఆ గిన్నెలోకి ఇంకించినట్టుంది. కనుబొమలు వాటంతట అవే పైకెళ్లి చాలాసేపు కిందికి రాలేదు. అప్పుడు కనిపించింది నాకు మొత్తం దృశ్యం: మావ మర్యాదకు నవ్వుతూ గ్లాసుల మీద గ్లాసులు నీళ్లు తాగడం, కొత్తల్లుడు ఏం తప్పు జరిగిందో తెలియక, రుచి చూసి తెలుసుకునే వీలు కూడా లేక, చేతులు నలుపుకుంటూ నిలబడటం. నామం ఇంకా నుదుటి మీదే ఉంటుంది. పైన పటంలో వెంకన్న నన్ను చూస్తున్నాడని కాదు గానీ, చూడట్లేదని కూడా గట్టిగా చెప్పలేను.

బుట్టలో ఉన్న దుంపలన్నీ తీశాను. నా వేపుడు కోసం దాచుకున్న నా సొంత దుంపలు, ఎనిమిది. జీవితంలో నేను అంత వేగంగా దుంపలు చెక్కలేదు. రెండు వేళ్లు తెగాయి. (ఒకటే తెగింది, కానీ రెండు వేళ్ల నొప్పి పెట్టింది.) సన్నగా తరిగి, ఉప్పు లేకుండా ఇంకో గిన్నెలో ఉడకబెట్టి, నాలుగు టమాటాలు చిదిమి, అన్నీ కూరలో కలిపి, కుదరక మరుగుతున్న నీళ్లు పోసి, మూత పెట్టి, మూత తీసి, మూత పెట్టి... బాబాయ్ వచ్చి తొంగిచూశాడు. "నువ్వేందిరా అల్లుడి కూరలో చెయ్యి పెట్టావు?" అన్నాడు. "కలబెడుతున్నా బాబాయ్, అడుగంటుతుందని" అన్నాను. గిన్నె గట్టు దాకా నిండింది. లిఫ్టు ఆగిన చప్పుడయ్యేసరికి రుచి చూశాను. తినొచ్చు. అమృతం కాదు, కానీ తినొచ్చు.

మెక్సికో మావ కుర్చీలో సర్దుకుని, చపాతీలో కూర పెట్టుకుని, నోట్లో వేసుకుని, నమలడం ఆపేశాడు. నేను నీళ్ల జగ్గు ఆయన దగ్గరికి జరిపాను. ప్లేటులోకి వంగి చూశాడు. చెంచాతో దుంపముక్కల్ని పక్కకు జరిపి, కీమా కోసం వెతికి, మళ్లీ దుంపల్ని చూసి, తలెత్తాడు.

"ఇన్ని దుంపలు ఎవరు వేశారు?"

కొత్తల్లుడు గిన్నెలోకి చూశాడు. అతను వేసినవి నాలుగు. తర్వాత నా వేలికి చుట్టిన గుడ్డ చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"మా అన్నయ్య వేశాడు. ఉప్పు కూడా అన్నయ్యే చూశాడు" అన్నాడు.

మావ లేచి వచ్చి నన్ను కావలించుకున్నాడు. ఆయన మీసం నా చెవిలోకి వెళ్లింది. వాళ్లింట్లో తొమ్మిది మంది పిల్లలట. కీమా ఎప్పుడూ కొంచెమే ఉండేదట. చెప్పకుండా చుట్టాలెవరైనా వస్తే వాళ్లమ్మ గబగబా దుంపలు పెంచేసేదట. "గిన్నెలో దుంపలెక్కువ కనిపిస్తే, ఇంటికెవరో వచ్చారని మాకు తెలిసేది. ఇరవై ఏళ్ల తర్వాత ఇవాళ నేను ఆ వచ్చినవాణ్ణయ్యాను" అని, కళ్లు తుడుచుకుని, నాలుగు చపాతీలు లాగించాడు.

బాబాయ్ గర్వంగా నా వీపు చరిచాడు. "అయితే కిచెను నీదేలేరా. నీ సీటుకి ఢోకా లేదు" అన్నాడు. పదిహేను నెలల్లో ఆ వీపు మీద పడ్డ మొదటి మెచ్చుకోలు అది. అది కాస్తా ఒక దొంగ వీపు మీద పడింది. పప్పూ పెరుగన్నం తింటూ ఒక మూల కూర్చున్న కొత్తల్లుడు నాకంటే ఎక్కువ సంతోషంగా ఉన్నాడు. అప్పుడు కూడా నాకు అసూయే వేసింది, కాకపోతే ఈసారి అతని కూర మీద కాదు.

"గిన్నెలు నేను కడుగుతాను" అన్నాను.

బాబాయ్ నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూశాడు.

కొత్తల్లుడు ఇప్పుడు ఇదే ఊళ్లో టోవా పాయోలో కాపురముంటున్నాడు. జుట్టు పలచబడింది. వాళ్ల పిల్లలిద్దరూ ఆ కూరను "డాడీస్ పొటాటో" అంటారు. మెక్సికో మావ ఎప్పుడో వెళ్లిపోయాడు, బాబాయ్ రిటైరయ్యాడు, కూర మాత్రం మిగిలింది. మొన్న ఆదివారం భోజనానికి వెళ్లాను. ఆదివారమే కాబట్టి అతను సుబ్బరంగా రుచి చూసుకోవచ్చు. అయినా అలవాటు ప్రకారం అతని భార్య ఒక చిన్న గిన్నెలో కూర తెచ్చింది.

"ఉప్పు చూడండి అన్నయ్యగారూ."

"సరిపోయిందమ్మా" అన్నాను.

ఆవిడ కదల్లేదు. కొంచెం మొహమాటంగా, "నిజంగా సరిపోయిందాండీ?" అంది.

"అదేంటమ్మా, ఎప్పుడూ రెండుసార్లు అడుగుతావు?"

"ఏమీ అనుకోకండి. పెళ్లైన కొత్తలోనే చెప్పారు ఈయన. అన్నయ్యని ఉప్పు ఒకసారి అడిగితే చాలదు, రెండుసార్లు అడగాలి అని. ఎందుకంటే చెప్పరు, నవ్వుతారు."

వంటగదిలో కొత్తల్లుడు నాకు వీపు చూపిస్తూ దుంపలు చెక్కుతున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఇన్నేళ్లూ తెలిసే ఉంది వెధవకి! తెలిసే, ప్రతిసారీ ఆ గిన్నె నాకే పంపిస్తున్నాడు.

ఆ గిన్నెలోని ముక్క మళ్లీ నోట్లో వేసుకున్నాను. వుడ్‌ల్యాండ్స్ ఫ్లాటులో గరిటె పట్టుకుని "చాల్లేదురా" అంటున్న ఆ బక్కపలచటి కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, ఎంత కష్టపడ్డాడో, నాలుగు గిన్నెలు కడగాల్సి వస్తుందని!

"సరిపోయిందమ్మా. రెండోసారి కూడా సరిపోయింది" అని చెప్పి, చొక్కా చేతులు మడుచుకుంటూ సింకు వైపు నడిచాను.