తెల్లదుప్పట్లో వచ్చిన గడియారం

మలయాకు మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, మరో ఏడాదికి వస్తుందనగా, తెలుక్ ఆన్సన్ దగ్గర రబ్బరు తోటలో పెద్ద గుమాస్తాగా ఉన్న మా బాబాయి రమ్మని కబురు పెట్టాడు. తోట దొరసాని సీమకు వెళ్ళిపోతూ తమ వంశపు నిలువు గడియారాన్ని ఆయనకిచ్చిందట. ఎన్నో ఏళ్ళుగా ప్రతి ఆదివారం దానికి కీ ఇచ్చేది బాబాయే. నేను రేవు గోదాములో పనివాణ్ణి కనుక, అద్దం పగలకుండా మోయించే పని నాకు పడింది.

తెల్లవారుజామున పోర్ట్ స్వెటన్‌హామ్‌లో రైలెక్కాను. కౌలాలంపూర్‌లో ఒకసారి, తాపా రోడ్డులో ఒకసారి బండి మారి మధ్యాహ్నానికి తెలుక్ ఆన్సన్ చేరాను. తోటకు పోయే బస్సును పోలీసులు ఆపి నా అన్నం డబ్బా తీసేసుకున్నారు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు తిరుగుబాటుదార్లకు చేరుతుందని అన్నాన్ని రోడ్డు మీదికి రానివ్వని రోజులవి. "ముందే తినేసి రావాలి లా," అని అక్కడి యాసలో చెప్పి పక్కనున్న తమిళ పెద్దాయన నవ్వాడు. ఆకలి మీద నాకు నవ్వు రాలేదు.

దొర బంగళాలో గడియారం నాకంటే రెండడుగులు ఎత్తుగా ఉంది. అంకెల పైన కళ్ళూ ముక్కూ గీసిన చందమామ. దొర పూర్వీకులు సీమలో జమీందార్లట, గడియారం ఎప్పుడూ పెద్దకొడుక్కే దక్కేదట. దొరసాని ఒక్కగానొక్క కొడుకు అంతకు ముందు నెలే తోట రోడ్డు మీద ఆ అడవివాళ్ళ తూటాలకు బలయ్యాడు. ఆమె బీరువాలోంచి తెల్లదుప్పట్లు తీసి తనే గడియారానికి చుట్టింది.

బాబాయి ఉండే క్వార్టర్స్ దారంతా బురద, గడియారం ఎక్కించిన లారీ దిగబడింది. బాబాయి, నేను, ఇద్దరు కూలీలు దాన్ని పలక మీద పడుకోబెట్టి భుజాలకెత్తుకున్నాం. పిన్నికి ముందుగా చెప్పలేదు, చూసి మురిసిపోతుందని బాబాయి ఆశ. వాళ్ళబ్బాయి అప్పలరాజు స్పెషల్ కానిస్టేబులు. ముందురోజు గస్తీకి వెళ్ళినవాడు ఇంకా ఇల్లు చేరలేదు.

పిన్ని వాకిలి ఊడుస్తోంది. మమ్మల్ని చూసి చీపురు వదిలేసి బురదలో కూలబడింది.

"దించండి. మొకం సూడాల నాను," అంది.

దుప్పట్లో ఉన్నది అప్పలరాజనుకుందని అప్పటికి తోచి పలకను దించాం. దుప్పటి నేనే లాగాను. చందమామ బయటపడింది. పిన్ని దాని బుగ్గలు తడిమింది. అద్దం చల్లగా తగిలాక గానీ ఊపిరి తీసుకోలేదు.

బురద చేతులు కొంగుకి తుడుచుకుని, "సిన్నదొర మొకం ఆ తల్లికి సూపించినారా?" అని అడిగింది.

"నేదు. పెట్టెకి మేకులు కొట్టీసే తెచ్చినారు," అన్నాడు బాబాయి.

"మనోళ్ళు ఎవులైనా పలకరించినారా?"

"దొరసాని ఇంటికి పలకరింపుకి ఎల్తామేటి?"

పిన్ని తలస్నానం చేసి వచ్చింది. అంతలో అప్పలరాజు సైకిలు దిగాడు. వాడి చెంపలూ అలాగే తడిమి, బంగళా దారి పట్టింది. ఆమె ఆ గేటు దాటడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దుటి బస్సులో తిరుగు ప్రయాణమయ్యాను. బంగళా ముందు మెట్ల మీద ఇద్దరూ కూర్చుని కనిపించారు. ఒకరి మాట ఒకరికి రాదు. దొరసాని పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తోంది. రైల్లో జనం మెర్డేకా కబుర్లలో ఉన్నారు. అటు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదొకటే. కొడుకులు గస్తీ తిరిగే ఊళ్ళో దేన్నీ తెల్లగుడ్డ కప్పి మోయకండి.