నేను ముంచిన జలాంతర్గామి

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు గానీ, వచ్చినట్టు నటించడం మాత్రం బాగా వచ్చు. సౌదీలోని రాబిగ్‌లో ఒక కడప ఇంజనీరు గారింట్లో పనికి కుదిరిన రోజున ఆయన తండ్రి (ఇంట్లో అందరికీ పెద్దసార్) నన్ను అడిగిన మొదటి మాట, "ఏమ్మే, సదువొస్తాదా?" "వస్తది సార్," అన్నాను. రాదంటే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించి జగిత్యాలకు తిప్పి పంపుతారని భయం. ఆ అబద్ధానికి ఒక పడవ బలైంది.

పెద్దసార్ పడుచుతనంలో ఓడల మెకానిక్. యూరప్ రేవుల్లో తిరిగేటప్పుడు ఆస్ట్రియా-హంగరీ జలాంతర్గాముల పిచ్చి పట్టుకుందట. మొదటి ప్రపంచయుద్ధంతో ఆ సామ్రాజ్యం కూలి, రేవులన్నీ పరాయివాళ్లవైపోయాయి. "పడవలుండాయి, సముద్రమే లేకపాయె," అని సొంత పొలం పోయినంత బాధపడేవారు. వాటి చరిత్ర తెలుగులో రాయాలని పంతం. ఒక్కో పడవకు ఒక్కో అట్ట, దాని మీద ఫోటో, కింద వివరాలు. యుద్ధంలో మునిగి మళ్లీ తేలనివి ఎడమ ట్రేలో, మిగిలినవి కుడి ట్రేలో. చూపు తగ్గిపోతోంది కాబట్టి, పూర్తిగా పోకముందే పుస్తకం తేవాలని ఆయన తొందర.

పాలు లేని సులేమానీ టీ తాగుతూ నాకు కథలు చెప్పేవారు. ఫ్రాన్సువాళ్ల పడవ ఒకటి ఆస్ట్రియావాళ్ల రేవులోకి దూరబోయి, ఇనుప వలలో చిక్కి, గుళ్ల దెబ్బకు మునిగిందట. "దాన్ని పైకి తీసి, పేరు మార్చి, జెండా మార్చి, యుద్ధం అయ్యేదాకా పని సేయించుకున్యారు. ఆనక అది సొంత దేశానికి పోయింది."

"అంటే ఎగ్జిట్ దొరికిందన్నట్టు!" అన్నాను. ఆయనకు టీ పొలమారింది. ఆ పడవ నాకు చుట్టమైపోయింది.

ఒక శుక్రవారం దుమ్ము దులుపుతుంటే బట్ట తగిలి ఒక అట్ట కింద పడింది. ఏ ట్రేది? అడిగితే నా చదువు బండారం బయటపడుతుంది. ఫోటో చూశాను. పడవ సగం నీళ్లలో ఉంది. మునుగుతోందన్నమాట! నిశ్చింతగా ఎడమ ట్రేలో పెట్టాను. తర్వాత తక్కిన అట్టలు చూశాను. (అన్నీ సగం నీళ్లలోనే ఉన్నాయి.)

"ఏమ్మే, అట్టలు కదిలించలేదు గదా?"

"లేదు సార్, ముట్టనే లే."

మర్నాడు కోడలుగారు ఆ ట్రేలు ముందు పెట్టుకుని, ఏవి మునిగాయో ఏవి మిగిలాయో పుస్తకానికి పట్టిక టైపు చేశారు.

పుస్తకం వచ్చేసరికి పెద్దసార్‌కి వెలుగూ చీకటీ తప్ప తెలియడం లేదు. పేజీలు తడిమి చూసి, ఒక ప్రతి నా చేతిలో పెట్టారు. "నా కండ్లు లేకపాయె. నువ్వన్నా సదివి సెప్పు, ఎట్లుందో." వారం రోజులు ఆయన ముందు కూర్చుని పేజీలు చప్పుడయ్యేలా తిప్పి (మరీ తొందరగా తిప్పితే అనుమానం వస్తుంది), "పడవలు మస్తుగున్నయ్ సార్," అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ఏడాదే పోయారు.

నలభై తొమ్మిదో ఏట, ఈ రాబిగ్‌లోనే, పక్క ఫ్లాటు నర్సమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. మొదట చదివిన పుస్తకం ఆయనదే. నాలుగు నెలలు పట్టింది. "పట్టికలో ఒక్క తప్పూ లేదు, పూచీ నాది," అని ముందుమాటలో ఉంది. పట్టికకు వచ్చాను. మునిగినవాటి వరసలో, అన్నిటికన్నా కింద, నా చుట్టం.

వేలు పెట్టి మూడుసార్లు కూడబలుక్కున్నాను. అదే. నాకు చదువు రాదని ఆ రోజే చెప్పి ఉంటే పెద్దసార్ తిట్టేవారో, నవ్వేవారో, పక్కన కూర్చోబెట్టుకుని అ ఆలు దిద్దించేవారో. పెన్సిలు తీసుకుని ఆ పేరు కొట్టేసి, మిగిలినవాటి కింద వంకర అక్షరాలతో రాశాను. నా ప్రతిలో అది ఇల్లు చేరింది. తక్కిన ప్రతులు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో. వాటన్నిటిలో, "వస్తది సార్" అన్న ఆ పిల్ల దాన్ని ఇంకా ముంచుతూనే ఉంది.