రొట్టెలవాడి కూతురికి జ్వరం

మేం కాలేజీలో చదివే రోజుల్లో కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల కుర్రాళ్లకు రెండే దారులుండేవి: విప్లవం, లేదా రైల్వే పరీక్ష. మేం మూడోది కనిపెట్టాం. తలా ఒక వేషం ఊహించుకుని, పాచికలు వేస్తూ డ్రాగన్లను చంపే ఆట. కథ నడిపేవాడు మా సీనియర్, బెంగాలీ దాదా. దేవుణ్ణి నమ్మడు. డ్రాగన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. ఆట మా ఇంట్లోనే అయినా మొదటి శనివారం నేనే ఆలస్యంగా వచ్చాను (లోకల్ రైలు మీద నెపం వేద్దామంటే అది వేళకే వచ్చింది). అప్పటికే వీరుడు, మాంత్రికుడు, దొంగ, అన్ని వేషాలూ అయిపోయాయి. నాకు మిగిలింది ఆ ఊళ్లో రొట్టెలమ్మేవాడు. వీరులొస్తే "దయచేయండి" అనాలి. అంతే నా పాత్ర. ఉక్రోషం కొద్దీ వాడికో పెళ్లాన్ని, రొట్టెలకు వంకలు పెట్టే అత్తగారిని, చిన్న కూతుర్ని కల్పించుకున్నాను.

కూతురి మీద దాదా కన్ను పడింది. కొన్ని వారాలకు పిల్లకి డ్రాగన్ పొగ తగిలి జ్వరమొచ్చింది. "వచ్చే శనివారం పోతుంది. లేకపోతే వీరులకు కోపమెలా వస్తుంది?" అన్నాడు. సరిగ్గా అప్పుడే అమ్మ టీ తెచ్చింది.

"ఏటి, జొరమా? ఎవరి పిల్లకి?"

"నా పిల్లకేనమ్మా. ఆటలో. కాయితం మీద పిల్ల."

"కాయితం మీదైతే మాత్రం, జొరం జొరం కాదేట్రా?"

మా చర్చివాళ్లలో ఎవరింట్లో జబ్బున్నా బుధవారం కూడికలో చెప్పి ప్రార్థన చేయించడం రివాజు. అమ్మ చెప్పేసింది. పాస్టరుగారు ఏ ఊరని కూడా అడక్కుండా, రొట్టెలమ్ముకునే ఆ బీద కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకోమని ప్రభువును వేడుకున్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను (పిల్ల నాది కదా). పక్క క్వార్టరు పిన్ని సగ్గుబియ్యం జావ పంపింది. అది వీరుడు తాగాడు.

శనివారం అమ్మ టీలిచ్చి వంటింట్లోకి వెళ్లలేదు.

"పిల్లకెలాగుంది బాబూ?"

"మాషీమా," అన్నాడు దాదా (అంటే పిన్నిగారూ అని), "అది చనిపోవడం కథకి అవసరం..."

"చంటిపిల్ల చచ్చిపోడం ఏ కథకి అవసరం బాబూ?"

చారిత్రక అవసరం గురించి గంటలకొద్దీ మాట్లాడగల దాదా పాచిక చేతిలోకి తీసుకున్నాడు. "సరే, ఆరు పడితే బతుకుతుంది," అన్నాడు. అమ్మ కళ్లు మూసుకుంది. పాచిక పడింది. రెండు. అనుమానానికి తావులేని రెండు. దాదా అమ్మ మూసుకున్న కళ్లకేసి చూసి, వేలికొసతో పాచికను మెల్లగా తిప్పాడు.

"ఆరు, మాషీమా."

మేమెవ్వరం ఏమీ చూడలేదు. బుధవారం కూడికలో అమ్మ నిలబడి, ప్రార్థన వల్లే పిల్ల బతికిందని సాక్ష్యం చెప్పింది. ఆట మాత్రం ఎంతోకాలం సాగలేదు. పిల్ల లేచి కూచుని రొట్టె అడుగుతుంటే వీరులకు డ్రాగన్ ఉన్న కొండెక్కేంత కోపం రాలేదు. డ్రాగన్ క్షేమం.

ఇప్పుడు నేను హౌరాలో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుంటాను. ఆ వీరుల్లాగే ఎక్కడెక్కడికో పోయేవాళ్లు ఏ ప్లాట్‌ఫారమని అడిగి వెళ్లిపోతారు. నాకూ ఒక ఇల్లుందని వాళ్లకు తెలియాల్సిన పనిలేదు, పాపం, వాళ్ల తొందర వాళ్లది. మొన్నొక ముసలాయన మాత్రం, క్యూ అంతా వెనక నుంచి అరుస్తున్నా, "ఇంట్లో అంతా కులాసానా దాదా?" అని ఆగాడు (ఇక్కడ ప్రతి మగాడూ దాదాయే). ఆ తడబాటులో ఆయనకి ప్లాట్‌ఫారం తప్పు చెప్పాను. కిటికీ వదిలేసి, ఈ వయసులో, ఆయన వెనకాల పరిగెత్తాల్సి వచ్చింది.